సడకు ఒంగే లెక్క

వాడపల్లి తొవ్వల, సిమెంటు లారీలు మలుపు తిరిగే కాడ
జానెడు లోతుల ఏడు తీగలు బొందపెట్టినం.
తారు పోసిన్నాడే రెండు సచ్చినయి, వేడికి.
ఐదు బతికినయి.
ఆ ఐదిటి మాటే నేను రాస్తున్న.

లారీ ఇంక రానే లేదు.
రెండు గజాల అవతల ఉండంగనే
సడకు అడుగున జెరంత బిగుసుకుంటది,
సూది చూసిన పోరని జబ్బ లెక్క.
అటెన్క టైరు మీదికొస్తది.
పైన అణుగుతది, అడుగున సాగుతది.
తెర మీద గీత దిగ్గున లేస్తది, జారుతది,
జారినకాడ నిలబడదు;
తోక ఈడ్సుకుంట ఈడ్సుకుంట
సున్న దిక్కు పోతది.
సున్నను మాత్రం ముట్టది.

మా సారు హైదరాబాదుల కూసొని ఫోన్ల అడుగుతడు,
మోడల్ల స్ప్రింగు పెట్టినవా అని.
పెట్టిన సార్.
ఒట్టి స్ప్రింగే అయితె అది ఇనుము.
పక్కన నూనె పిస్టను గూడ పెట్టిన,
నిమ్మళంగ ఒంగేది, నిమ్మళంగ మర్లేది.
రెండూ కలిస్తెనే తారు గుణం:
ఉర్కెటోనికి గట్టిగ, నిలబడ్డోనికి మెత్తగ.

ఈ ముచ్చట రోలరు నడిపే కేతావత్ గోబ్రియాకు
నాకంటె ముప్పై ఏండ్ల ముందే ఎరుక.
"ఉర్కే లారీ సడకును తిట్టిపోతది బిడ్డా,
ఆగిన లారీ కాపురం పెడ్తది" అన్నడు
చాయి గిలాస రోలరు మీద పెట్టుకుంట.
నవ్విన.
నలభై పేజీల రిపోర్టుల
మూడో అధ్యాయం అదే.

మే నెల. పైపొర అరవై డిగ్రీలు.
డాంబరు మీద నా చెప్పు అచ్చు పడ్డది.
పది టన్నులు మొయ్యాల్సిన ఇరుసు
పద్నాలుగు మోసుకొనొచ్చింది.
బరువు లెక్క వేరు, దెబ్బ లెక్క వేరు:
ఒక్క లారీ వొచ్చి
నాలుగు లారీలయి పోయింది.
రసీదు ఒక్కదానికే.

మస్తాన్ వలిని బతిమిలాడి పరీక్షకు పిలిచినం.
అరవై మీద పొమ్మంటె పోయిండు. సన్న గీత.
ముప్పై మీద. జెర లావు.
పది మీద పోతుంటె వెనుక బస్సోడు
మస్తాన్ తాతల్ని గూడ యాది చేసిండు.
గీత గుట్ట లెక్క లేచింది.
"ఇగ తీగల మీదనే ఆపు."
"ఎంతసేపు మేడం?"
"పదినిమిషాలు."
స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోయిండు.
అడుగున తీగ సాగుతనే ఉన్నది,
సప్పుడు లేకుంట.
లేచి అడిగిండు, ఏమన్నది సడకు?
ఇంక చెప్తనే ఉన్నది అన్న.

రాత్రి ఒంటి గంట నుంచి మూడు దాక
లారీలు పల్చబడ్తయి.
అప్పుడు తారు తన్ను తాను అతికిచ్చుకుంటదట,
ఎంట్రుక వాసి పగుళ్లు లోలోపల మూసుకుంటయట.
అట, అట అంటున్న ఎందుకంటె
దాన్ని సరిగ కొలిచే తీగ నా దగ్గర లేదు.
మోడల్ల అది ఒక గుణకం.
సున్నా పాయింటు మూడు అని పెట్టిన.
ఎందుకు మూడని ఎవ్వరూ అడగలేదు,
అడిగితె చెప్పనీకి లేదు.

మొన్న మంగళారం నాలుగో తీగ గీత తెగింది.
తీగ తెగిందో, తారు పగిలిందో,
రెండిటికీ తెర మీద ఒక్క తీరే కనబడ్తది.
పగులు అడుగునుంచి పుడ్తది,
పైకి రానీకి ఏండ్లు పడ్తది.
చూడాల్నంటె కోసి చూడాలె.
కోస్తె అక్కడొక బొంద.

గోబ్రియా కాలి బొటనేలుతోని తారు గీరి చూసి
ఏం చెప్పలేదు.
పోయేటప్పుడు అన్నడు,
వానలు పడనియ్యి.
పగిలిందయితె
ఎండ కాసినంక గూడ ఆడొక్క తడిగీత ఆరదు.